కొరియా వామపక్ష పత్రికలు టోక్యోకి నకళ్లేనా?

పాతసంచిక: నకళ్లే. కొరియా శ్రామికవర్గ రచయితల సంఘం 'కాప్' 1925లో సియోల్‌లో పుట్టింది. దాని పత్రిక 'యెసుల్ ఉన్‌దోంగ్' 1927లో అచ్చయింది మాత్రం టోక్యోలో. ఇంకేం రుజువు కావాలి?

చిత్తుప్రతి: అది సెన్సారు తిప్పలండీ, ప్రభావం కాదు. అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉన్న కొరియాలో రాతప్రతినే ముందుగా పోలీసులకివ్వాలి. కొట్టివేతలు పోగా మిగిలిందే అచ్చుకెళ్లేది. జపాన్‌లో అచ్చయ్యాక హోంశాఖకి ప్రతులివ్వాలి. నిషేధం పడేలోగా కట్టలు చేతులు మారిపోయేవి. జపాన్ వామపక్ష పత్రిక 'సెన్కి' నడిచింది అలాగే.

రైలుపెట్టె: మరి టోక్యో పత్రికల్లో మాటల బదులు ఆ ఇంటూ (×) గుర్తులెందుకు?

చిత్తుప్రతి: నిషేధిస్తే అచ్చుఖర్చు గంగపాలు. అందుకని సంపాదకుడే మాటలు తీసేసి గుర్తులు పెట్టేవాడు. చాలాచోట్ల తీసిన అక్షరాలెన్నో గుర్తులూ అన్నే. చదివేవాడు పూరించుకునేవాడు.

పాతసంచిక: గుర్తులు ఎవడిక్కావాలి? జపాన్ వామపక్ష కవి నకానో షిగెహారు కవిత 'వానలో షినగావా స్టేషన్' టోక్యో పత్రిక 'కైజో'లో వచ్చింది 1929 ఫిబ్రవరిలో. సెప్టెంబరుకల్లా 'కాప్' కవి ఇమ్ హ్వా యొకొహామా రేవు కవిత. అదే వాన, అదే వీడ్కోలు. కాపీ కాక?

చిత్తుప్రతి: చదివే అంటున్నారా? నకానో కవితలో వెళ్లిపోతున్న కొరియన్లకి వీడ్కోలు చెప్పేది జపాన్ వాడు. ఇమ్ హ్వా కవితలో మాట్లాడేది వెళ్లగొట్టబడుతున్న కొరియావాడు. అది జవాబు.

రైలుపెట్టె: సగం చదివి తగువుకొస్తారు, ఈయనతో ఎప్పుడూ ఇంతే.

పాతసంచిక: నోరు జాగ్రత్త. జవాబైనా మొదటి మాట జపాన్‌దే కదా!

చిత్తుప్రతి: అదీ అసలు సంగతి. మొదట పలికినవాడే గురువని మీ లెక్క. 'కైజో'లో గుర్తుల పాలైన నకానో కవితకి అసలు ప్రతి దొరకలేదు. అదే ఏడు మేలో కొరియన్ల వామపక్ష పత్రిక 'ముసన్జా'లో వచ్చిన కొరియా అనువాదంలో ఖాళీలు బాగా తక్కువ. 1970ల్లో అది బయటపడ్డాకే జపనీస్ పాఠాన్ని తిరిగి కూర్చగలిగారు. ఎవరు ఎవరికి అప్పున్నట్టు? కొరియన్లని జపాన్ కార్మికులకి ముందుడాలు, వెనకడాలు అన్న ఆ పాదంలో జాతి స్వార్థం మిగిలిందని నకానోయే తర్వాత ఒప్పుకున్నాడు. మీకు ఇప్పటికీ అది కనబడట్లేదు.

పాతసంచిక: 'ముసన్జా' కూడా టోక్యోలోనే అచ్చయింది.