ఓట్ల లెక్కింపు ముందు ఫండ్లు అమ్మేయాలా?

ప్రశ్న: ఎన్నికల ఫలితాలకు ముందే ఈక్విటీ ఫండ్లన్నీ (షేర్లలో పెట్టుబడి పెట్టేవి) అమ్మేసి, గొడవ సద్దుమణిగాక మళ్లీ కొందామని ఉంది. టీవీ పెడితే చాలు, టెన్షన్. పాప కాలేజీకి ఇంకా ఎనిమిదేళ్లుంది. ఏమంటారు?

జవాబు: నేను ఫండ్ల సలహాలిచ్చే వృత్తిలోనే ఉన్నానండి. ప్రతి ఎన్నికలకూ ఇదే ప్రశ్న. 2024 జూన్ 4న, ఫలితాల రోజు, షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే దాదాపు 4,390 పాయింట్లు పడింది. ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేసి, నేను వద్దంటున్నా అంతా అమ్మించారు. 7వ తేదీకల్లా సూచీ 3వ తేదీ ముగింపును దాటేసింది. ఆయనేమో నెలల తరబడి "కాస్త తగ్గనీ బాబూ" అంటూనే ఉన్నారు. అమ్మడం తేలికే, తిరిగి కొనడానికే చెయ్యి రాదు. పైగా లాభం మీద పన్ను. (నా ధైర్యం సంగతీ చెప్పాలిగా: ఆరోజు నా సొంత ఫండ్లు చూడకుండా ఉండటానికి యాప్ తీసేశాను.)

మరొకరు: నాకు వచ్చే ఏడాదే ఇంటికి డబ్బు కావాలి. నేనూ ఆగాలా?

జవాబు: మీది వేరే లెక్క. ఏడాదిలో కావాల్సిన డబ్బు ఎన్నికలున్నా లేకున్నా ఈక్విటీలో ఉండకూడదు. డిపాజిట్‌లోకి మార్చుకోండి.

ప్రశ్న అడిగినవారు: సరేనండి, అమ్మట్లేదు. నెలనెలా ఫండ్‌లోకి వెళ్లే సిప్ 5న కట్ అవుతుంది, అవనీ. రిమోట్ మా ఆవిడకిచ్చేశా.