మూడు రంగుల టెర్మినేలియా మన హైదరాబాద్ ఎండకు నిలుస్తుందా?

సైనిక్‌పురి తోట
అందరికీ నమస్కారం. గేటు పక్కన ఉన్న గుల్‌మొహర్ మొన్నటి గాలివానకు వేళ్లతో సహా పడిపోయింది. ఆ చోట నీడకు ఒక చెట్టు కావాలి. నర్సరీ మేళాలో టెర్మినేలియా ట్రైకలర్ చూశాను. ఆకు అంచు మీగడ రంగు, నడుమ పచ్చ, చిగురు గులాబీ. అప్పట్నుంచి మనసంతా దాని మీదే ఉంది. ఏడాది పొడుగునా ఇదే రంగు ఉంటుందని అమ్మేవాళ్లు అన్నారు. పెంచినవాళ్లు చెప్పండి, రంగు ఎప్పుడు వస్తుంది, ఎండాకాలంలో ఎలా ఉంటుంది? మాది పడమటి ముఖం ఇల్లు, మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా కొడుతుంది. బోరు నీళ్లే గతి.

వనస్థలి వాసి
మా ఇంటి ముంగట ఉన్నది అన్నా. దాన్ని చలికాలంల చూడాలె. కార్తీకం పోయి చలి షురూ అయినంక వచ్చే చిగురు గులాబీ తిరుగుతది, సంక్రాంతి దాకా మస్తుంటది. దారిన పోయేటోళ్లు ఆగి అడుగుతరు, ఏం చెట్టని. వానాకాలంల వచ్చే ఆకు తెలుపు, పచ్చ, గంతే. గులాబీ కొసలకు జరంత కనిపిస్తది. ఏడాది పొడుగునా అన్న మాట నమ్మకు. ఇగ రోహిణి కార్తె ఎండకు తెల్ల అంచులు మాడి గోధుమ రంగయితయి. చెట్టు సావదు. వాన పడంగనే మళ్ల కొత్తాకు ఏస్తది.

బోటనీ మాస్టారు
వనస్థలి వాసి గారు చెప్పింది అక్షరాలా నిజం. చిగురులో గులాబీ రంగుకు కారణం ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. రాత్రి చల్లగా ఉండి పగలు ఎండ బాగా కాస్తే అది ఎక్కువగా తయారవుతుంది. మనం దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నాం. డిసెంబర్, జనవరి రాత్రులు కోస్తా కంటే ఇక్కడ బాగా చల్లబడతాయి. అందుకే ఆ రెండు నెలలూ ఈ చెట్టుకు పండగ.

తెల్ల అంచులో పత్రహరితం ఉండదు. అంటే ఆ మేరకు ఆకు ఆహారం తయారుచేసుకోలేదు. మామూలు పచ్చ టెర్మినేలియా 15 మీటర్ల దాకా పోతుంది. ఈ రకం నిదానంగా పెరిగి అంతకంటే చిన్నగానే ఉంటుంది. చిన్న వాకిళ్లకు అది మంచిదే, కానీ దట్టమైన నీడ కోసం చూసేవాళ్లు ముందే తెలుసుకోవాలి.

దీని పుట్టిల్లు మడగాస్కర్. కుటుంబం మాత్రం మనకు బాగా తెలిసినదే: బాదం చెట్టు, తెల్లమద్ది, తాని, కరక్కాయ అన్నీ ఈ టెర్మినేలియా ప్రజాతివే. బాదం ఆకు రాలే ముందు ఎర్రబడటం అందరూ చూసే ఉంటారు. అక్కడ రంగు ముదురాకుది, ఇక్కడ లేతాకుది. కాబట్టి కొత్త చిగుళ్లు వేసేంత బలం చెట్టుకు ఉంటేనే ఈ అందం.

కూకట్‌పల్లి అక్క
మాస్టారూ, నాదొక సందేహం. మా చెట్టుకు కింది వైపు నుంచి ఒక కొమ్మ పూర్తిగా పచ్చగా వచ్చింది. మిగతా కొమ్మలన్నిటికంటే జోరుగా పెరుగుతోంది. ముచ్చటగా ఉందని వదిలేశాం. ఫర్వాలేదా?

మొయినాబాద్ నర్సరీ
అక్కా, ఈ రోజే కోసేయండి. నేను ఈ మొక్కలు అంటు కట్టి అమ్ముతాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ రకాన్ని విత్తనంతో వేస్తే మూడు రంగులు రావు, పచ్చ మొక్కలే వస్తాయి. అందుకే పచ్చ టెర్మినేలియా మొక్కను వేరుమూలంగా పెట్టి దానిమీద రంగు కొమ్మను అంటు కడతాం. మొదలు దగ్గర చేత్తో తడిమితే ఒక చోట బుడిపెలా తగులుతుంది, కాండం కొద్దిగా వంగి మళ్లీ నిటారుగా లేస్తుంది. అదే అంటు. దానికి కింది నుంచి వచ్చేది ఏదైనా వేరుమూలం కొమ్మే, నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. అంటుకు పైనా అప్పుడప్పుడు ఉత్త పచ్చ రెమ్మ పుడుతుంది. అది రంగు పోగొట్టుకుని వెనక్కి మళ్లిన రెమ్మ. పత్రహరితం నిండా ఉంటుంది కాబట్టి దానికి బలం ఎక్కువ, చూస్తుండగానే మిగతా చెట్టును మించిపోతుంది. వదిలేస్తే కొన్నేళ్లకు రంగు కొమ్మలు వెనకబడి, చెట్టంతా పచ్చదే అవుతుంది.

కోసేటప్పుడు సగానికి తుంచవద్దు, మిగిలిన మోడు నుంచి మళ్లీ పచ్చ రెమ్మలే వస్తాయి. అది ఎక్కడ పుట్టిందో అక్కడి దాకా వెళ్లి, కాండం బెరడు గాయపడకుండా మొదట్లోనే కోయండి.

కొనేవాళ్లూ కొమ్మల రంగు చూసి మురిసిపోకుండా, ముందు వంగి మొదలు చూడండి. అంటు గట్టిగా కలిసిందా, చుట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పారా, లేక బెరడులోకి కోసుకుపోతోందా? పట్టీ విప్పని మొక్క గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

మాదాపూర్ కమిటీ
మా గేటెడ్ కమ్యూనిటీలో లోపలి రోడ్డుకు రెండు వైపులా ఇవే వేశాం. రోజూ చూస్తున్నాను కాబట్టి తేడా చెప్పగలను. బ్లాకులకు తూర్పున ఉన్నవాటికి ఉదయం ఎండ తగిలి, మధ్యాహ్నం తర్వాత భవనం నీడ పడుతుంది. అవి మే నెలలో కూడా నిండుగా ఉన్నాయి. క్లబ్ హౌస్ అద్దాల గోడ ఎదుట, చుట్టూ టైల్స్ పరిచిన చోట ఉన్నవి మాత్రం మాడిపోయాయి. కింద టైల్స్ సెగ, ఎదురుగా అద్దాల సెగ. అక్కడ టైల్స్ తీయించి, మొదలు చుట్టూ మట్టి వదిలి ఎండుటాకులు మందంగా పరిపించాం. మరుసటి ఎండాకాలానికి కోలుకున్నాయి.

బోరు నీళ్ల గురించి: ఆకు నడిమి పచ్చభాగం కూడా పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. గట్టి నీళ్లు పోసీ పోసీ మట్టి క్షారగుణానికి తిరిగితే, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఈ చెట్టుకు పుట్టుకతోనే తెలుపు ఉంటుంది కాబట్టి పసుపును చాలామంది గుర్తుపట్టరు. లేతాకు చేతిలోకి తీసుకుని ఈనెలు చూడండి. మేము ఐరన్ చీలేట్ (వేరు తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము) వాడుతున్నాం, వర్మీకంపోస్ట్ వేస్తున్నాం. పైకప్పు వాన నీళ్లు ఈ వరసకే మళ్లించాక తేడా బాగా కనిపించింది.

చెట్టు పిచ్చి
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నా మాట కూడా వినండి. పడమటి ఎండకు అడ్డం కావాలంటే కానుగ వేయండి. ఉగాది ముందు పాతాకు రాల్చి, లేత ఆకుపచ్చతో తళతళలాడుతుంది. అది కూడా రుతువుతో మారే అందమే కదా! ఎర్ర చిగురే కావాలంటే కుసుమ్ చెట్టుంది. మార్చిలో చెట్టంతా నెత్తురు రంగుకు తిరుగుతుంది, మన అడవులదే, లక్క పురుగు పెరిగే చెట్టు. ఇంత ఉండగా మడగాస్కర్ దాకా ఎందుకు?

అందం, వేగం చూసి ఒకే చెట్టును ఊరంతా వేస్తే ఏమవుతుందో కోనోకార్పస్‌తో చూశాం. డివైడర్ల నిండా నాటారు, తర్వాత వద్దన్నారు. గుజరాత్ అయితే 2023లో నిషేధమే పెట్టింది. ఒకటీ అరా ఇంట్లో వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, కాలనీ అంతా ఇదే వరస పెడతామంటే మాత్రం గట్టిగా వద్దంటాను.

మాదాపూర్ కమిటీ
మీరన్నది ఒప్పుకుంటాను అన్నా. కొత్త బ్లాకు వైపు కానుగ, వేప, రేల కలిపి వేయాలని ఈసారి మీటింగ్‌లో పెడుతున్నాం.

సైనిక్‌పురి తోట
అందరికీ ధన్యవాదాలు. నాకు ఇప్పుడు స్పష్టత వచ్చింది. గేటు దగ్గర పడమటి వైపు కానుగ వేస్తాను. తూర్పున హాలు కిటికీ ఎదుట ఖాళీ ఉంది, అక్కడ ట్రైకలర్. కాంపౌండ్ గోడకు ఎంత దూరం ఉంచాలి? మా దగ్గర కొంచెం తవ్వితే రాయి తగులుతుంది.

మొయినాబాద్ నర్సరీ
గోడకూ, సెప్టిక్ ట్యాంకుకూ 8 అడుగులు తగ్గకుండా వదలండి. కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా పోతాయి, దగ్గర పెడితే తర్వాత ఒక వైపు నరకాల్సి వస్తుంది, ఆకారమంతా పోతుంది. గుంత 3 అడుగుల లోతు, అంతే వెడల్పు. అంతకు ముందే రాయి తగిలితే వెడల్పు పెంచండి. అడుగున సమంగా పరచిన బండ ఉంటే ఆ చోటు వదిలేయండి, వానాకాలంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది.

ఇంకొక్క మాట. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు గోదావరి బంకమట్టి ముద్దతో ఉంటాయి. మన ఎర్రమట్టిలో అలాగే దించితే పోసిన నీళ్లు చుట్టూ ఇంకిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. నాటే ముందు ముద్దను బాగా నానబెట్టి, అంచులు చేత్తో వదులు చేయండి. అంటు మాత్రం మట్టిలో పూడకూడదు. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి. రెండు వైపులా సరుగుడు కర్రలు పాతి, గోనె పట్టీతో వదులుగా కట్టండి.

వనస్థలి వాసి
కొనే ముందు డిసెంబర్ల ఒకసారి మా దిక్కు రా అన్నా, చెట్టు చూసి పో. అప్పటికి ఎట్లాగు నాటే కాలం గాదు కదా, తొందరేం లేదు. ఏ రంగు కొమ్మ నచ్చితే దాని ఫోటో తీసుకపోయి నర్సరీల చూపియ్యి. ఒక్కో మొక్కకు అంచు వెడల్పు ఒక్కో తీరుగుంటది.