అనంతపురంలో ఎం.టెక్ ఎనర్జీ ఇంజనీరింగ్: 25 లక్షల ల్యాబ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈఈఈ_అనంత

నమస్తే. వచ్చే ఏడాదికి మా కాలేజీలో ఎం.టెక్ ఎనర్జీ ఇంజనీరింగ్ మొదలుపెట్టాలని ప్రయత్నం. ల్యాబ్‌కు యాజమాన్యం 25 లక్షలు ఒప్పుకుంది. సోలార్, విండ్, ఫ్యూయల్ సెల్ ట్రైనర్ కిట్లకు కొటేషన్లు తెప్పించాం. చుట్టూ ఇన్ని సోలార్ పార్కులు, గాలిమరలు ఉన్నా పిల్లలు మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్‌తోనే డిజర్టేషన్ (పరిశోధన నివేదిక) ముగించేస్తున్నారు. కిట్లు కొనాలా? పరిశోధన ఏ సమస్యతో మొదలుపెడితే నిలబడుతుంది?

మేడమీద_ఎండ

సార్, కిట్లు వద్దు. దీపం కింద చిన్న ప్యానెల్ పెట్టి, జవాబు మాన్యువల్‌లోనే రాసి ఇస్తారు. బి.టెక్ వాళ్లకు ఒకటి చాలు. ఎం.టెక్‌కు పనికొచ్చే సమస్య మీ మేడ మీదే ఉంది: దుమ్ము, వేడి.

ఒకే బ్యాచ్ ప్యానెళ్లు రెండు తీసుకుని, దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో పక్కపక్కనే బిగించండి. మొదటి వారం రెండింటినీ రోజూ తుడిచి షార్ట్ సర్క్యూట్ కరెంట్ల (ప్యానెల్ రెండు తీగలూ నేరుగా కలిపితే పారే కరెంట్) నిష్పత్తి రాసుకోండి. అది సరిగ్గా 1 రాదు, 0.99 అనో 1.01 అనో వస్తుంది. ఆ తేడాను ముందే పట్టుకోకపోతే తర్వాత దాన్నే దుమ్ము నష్టమని లెక్కేస్తారు. రెండో వారం నుంచి ఒక్కదాన్నే తుడవండి. రీడింగ్ మధ్యాహ్నమే తీసుకోవాలి. అయితే మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో 12కి కాదు, సగటున 12:20కి. భారత కాలమానం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అనంతపురం 77.6 దగ్గర ఉంది.

ఇక్కడ చాలామంది తప్పేది నీళ్ల దగ్గర. బోరు నీళ్లతో కడిగితే ఆరాక తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. నెల తిరిగేసరికి 'శుభ్రమైన' ప్యానెల్ కూడా మసకబారుతుంది, దాంతో దుమ్ము నష్టం తక్కువగా కనిపిస్తుంది. ఆర్‌ఓ నీళ్లు, మెత్తని బట్ట వాడండి.

ఇంకో చిక్కు. తాడిపత్రి, యర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము రాత్రి మంచుకు తడిసి, పొద్దునకల్లా గట్టిపడుతుంది. అది కింది ఫ్రేమ్ అంచు వెంబడి గీతలా పేరుకుంటుంది. ప్యానెల్‌ను అడ్డంగా బిగించి ఉంటే కింది వరుస సెల్స్ మాత్రమే మూసుకుపోతాయి. మూసుకుపోయిన సెల్స్‌ను తప్పించి కరెంట్‌ను పంపే బైపాస్ డయోడ్ దారి ఇవ్వడంతో షార్ట్ సర్క్యూట్ కరెంట్ బాగానే కనిపిస్తుంది గానీ పవర్ పడిపోయి ఉంటుంది. అందుకే ఐ-వి కర్వ్ ట్రేసర్ (వోల్టేజీ మారుతుంటే కరెంట్ ఎలా మారుతుందో గీసే పరికరం) తప్పనిసరి. కర్వ్‌లో మెట్టు కనిపించిందంటే కారణం ఇదే.

వేడికి ప్యానెల్ వెనక, సెల్ నడిమధ్యన పీటీ100 అనే ఉష్ణోగ్రత సెన్సార్ అతికించండి. మే నెలలో సెల్ 65 డిగ్రీలకు చేరితే, ప్యానెల్ రేటింగ్ ఇచ్చే 25 డిగ్రీల కన్నా 40 ఎక్కువ కాబట్టి, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోయినట్టే. 540 వాట్ల ప్యానెల్, పూర్తి ఎండలో కూడా, 464 దగ్గర ఆగుతుంది. దుమ్ము నష్టం చెప్పే ముందు ఈ 14 శాతాన్ని విడదీయాలి.

ఈఈఈ_అనంత

ధన్యవాదాలు సార్. పైరనోమీటర్ (ఎండ తీవ్రత కొలిచే పరికరం) కొని, రీడింగ్‌లు ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో తీసుకుంటే సరిపోతుందా? రీడింగ్‌లను నమోదు చేసి దాచే డేటా లాగర్ ధర ఎక్కువ చెప్తున్నారు.

లాగర్_కర్నూలు

నేరుగా కలిపితే పనికిరాదు. థర్మోపైల్ (వేడితో వోల్టేజీ పుట్టించే) పైరనోమీటర్ ఒక వాట్/చ.మీ.కి దాదాపు 10 మైక్రోవోల్టులు ఇస్తుంది. అంటే 1000 వాట్ల ఎండకు 10 మిల్లీవోల్టులే. ఆర్డుయినో ఊనోలో 5 వోల్టులను 1024 మెట్లుగా కోస్తారు, ఒక్క మెట్టే 4.9 మిల్లీవోల్టులు. మీ రీడింగ్ 0, 490, 980 అని గెంతుతుంది.

వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 అనే 16 బిట్ చిప్‌ను 0.256 వోల్టుల రేంజ్‌లో పెట్టుకుంటే మెట్టు 7.8 మైక్రోవోల్టులకు దిగుతుంది, అంటే దాదాపు 0.8 వాట్. నేర్చుకోవడానికి అది చాలు. పేపర్‌కు మాత్రం మంచి లాగర్ కొనండి. కిట్ల మీద మిగిలిన డబ్బు దీనికే పెట్టాలి. నిమిషానికో రీడింగ్ అంటే రోజుకు 1440, ఏడాదికి 5,25,600 వరుసలు. గడియారం రోజూ సర్వర్‌తో సరిపోల్చుకునేలా పెట్టండి, లేకపోతే నెల తర్వాత ఏ సెన్సార్ వరుస ఏ నిమిషానిదో తేలదు. మేడ మీది కేబుళ్లకు షీల్డ్, సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. సీమలో పిడుగులకు ముందు పోయేది లాగరే.

బోరుమోటారు

సోలార్ ఒక్కటే ఎనర్జీ కాదు సార్. మన జిల్లాల్లో కరెంటు వెళ్లేది బోర్లకు. ఎనర్జీ ఆడిట్ ల్యాబ్ ఊళ్లోనే పెట్టొచ్చు: 200 లీటర్ల డ్రమ్, స్టాప్‌వాచ్, పవర్ అనలైజర్, నీటి మట్టం కొలిచే టేపు.

డ్రమ్ 50 సెకన్లలో నిండితే సెకనుకు 4 లీటర్లు. మొత్తం హెడ్ (నీటిని ఎత్తాల్సిన ఎత్తు, పైపు రాపిడితో కలిపి) 80 మీటర్లయితే నీటికి అందిన పవర్ 9.81 × 4 × 80, అంటే 3.14 కిలోవాట్లు. పవర్ అనలైజర్ 7.8 కిలోవాట్లు చూపిస్తే సామర్థ్యం 40 శాతం. పిల్లలు తప్పేది హెడ్ దగ్గర: మోటారు దింపిన లోతు రాస్తారు, లేదా మోటారు ఆపి ఉన్నప్పటి మట్టం రాస్తారు. మోటారు నడుస్తుండగా మట్టం దిగి నిలకడకు వచ్చాక కొలవాలి, దానికి పైపు రాపిడి నష్టం కలపాలి. మోటారు దింపిన 100 మీటర్లు వేస్తే సామర్థ్యం 50 శాతమని తేలుతుంది, మార్చాల్సిన పంపు బాగున్నట్టు రిపోర్టు వెళ్తుంది. రైతుకు అది నష్టం.

సిలబస్_కడప

రెండో ఏడాది దాదాపు అంతా డిజర్టేషనే కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే 'కొలతలు, అనిశ్చితి' అనే పేపర్ పెట్టండి. ఎలక్టివ్‌లు మన చుట్టూ ఉన్నవాటి నుంచి తీసుకోండి: ఓర్వకల్లు దగ్గర గని-శకునాలలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు, పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి నిల్వచేసి, కావాల్సినప్పుడు కరెంటు తీసే కేంద్రం), ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం. ఫీల్డ్ ట్రిప్‌కు కాదు, రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కు అడగండి.

ఎంఓయూ (అవగాహన ఒప్పందం) మీద సంతకాలతో తృప్తి పడొద్దు. పార్కుల స్కాడా (ప్లాంటును కంప్యూటర్‌తో పర్యవేక్షించే వ్యవస్థ) డేటాకు గోప్యత షరతులు ఉంటాయి. ఏ కాలమ్‌లు ఇస్తారు, ఎంత కాలానికి, పేపర్‌లో ప్లాంటు పేరు తీసేస్తే ప్రచురించవచ్చా, ఈ మూడూ ఒప్పందంలోనే రాయించుకోండి. ఆ పని తేలేలోపు మేడ మీది రెండు ప్యానెళ్ల డేటా రోజూ పోగవుతూనే ఉంటుంది. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ప్రాజెక్టు రాసేటప్పుడు ముందుగా చూపించడానికి అదే పనికొస్తుంది. ఇన్వర్టర్ కొనే ముందు మాత్రం ఆ ప్యానెళ్లను తుడవడానికి ఆదివారాలు కూడా ఎవరు మేడ ఎక్కుతారో పేరుతో సహా రాసి గోడకు అంటించండి.