సీట్ల కోటా నిండిపోయాక కూడా పెంచకపోతే ఎలా? ద్వైపాక్షిక విమాన హక్కులపై చర్చ

నీలిమేఘం:
రెండు దేశాల మధ్య ఎన్ని విమానాలు తిరగాలో తేల్చేది ప్రయాణికులు కాదు, విమాన సంస్థలూ కాదు. ఒక దేశం అనుమతి లేకుండా అక్కడికి రెగ్యులర్ సర్వీసు నడపకూడదని 1944 షికాగో ఒప్పందంలోని ఆరో అధికరణం చెబుతోంది. అందుకే ప్రభుత్వాలు ఇద్దరిద్దరు కూర్చుని వారానికి ఎన్ని ఫ్లైట్లు, ఎన్ని సీట్లు, ఏయే ఊళ్లకు అని రాసుకుంటాయి. ఆ కోటా నిండిపోయి, జనం టికెట్ల కోసం ఎదురుచూస్తున్నా పెంచకపోవడం అన్యాయమే అంటాను.

2023లో ఆస్ట్రేలియాలో జరిగింది చూడండి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, పెర్త్‌లకు కలిపి ఖతార్ ఎయిర్‌వేస్‌కు వారానికి 28 ఫ్లైట్ల హక్కు ఉండేది. ఇంకో 21 కావాలంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. అడిలైడ్ లాంటి చిన్న ఎయిర్‌పోర్టులకు మాత్రం పరిమితి లేదు. చివరి మజిలీ అడిలైడ్ అయితే ఆ ఫ్లైట్ 28 లెక్కలోకి రాదు. దాంతో ఆ సంస్థ ఒక మెల్‌బోర్న్ ఫ్లైట్‌ను అడిలైడ్ దాకా పొడిగించింది. మెల్‌బోర్న్‌లో దాదాపు అందరూ దిగిపోయేవారు, అక్కడినుంచి అంత పెద్ద విమానం ఇంచుమించు ఖాళీగా ఎగిరేది. దేశం లోపల తిరిగేవాళ్లను ఎక్కించుకుందామన్నా రూల్ ఒప్పుకోదు. ఇంధనం అలా తగలబడుతుంటే కోటా ఎవరిని కాపాడినట్టు?

లెక్కలమాస్టారు:
నీలిమేఘం గారూ, ఆ ఖాళీ విమానం సంగతి చదివి నేనూ బాధపడ్డాను. కానీ కాగితం మీద ఇద్దరికీ సమానంగా కనిపించే కోటా ఆకాశంలో సమానం కాదండి. హబ్, అంటే విమానాలు మారే పెద్ద కేంద్రం, ఉన్న సంస్థ మీ ప్రయాణికుణ్ణి తన ఊరికి తెచ్చుకుని, అక్కడ విమానం మార్పించి మూడో దేశానికి చేరుస్తుంది. దీన్నే ఆరో స్వేచ్ఛ అంటారు. అంటే రెండు దేశాల మధ్య రాకపోకలకని ఇచ్చిన సీట్లలో చాలావరకు ఇంకెక్కడికో వెళ్లేవాళ్లతో నిండుతాయి. ఆ దూరప్రయాణం మీ సంస్థ నేరుగా నడపాలనుకున్నదే.

2013లో భారత్–అబుదాబి కోటా వారానికి 13 వేల పైచిలుకు సీట్ల నుంచి దశలవారీగా 50 వేలకు పెరిగింది. అదే ఏడాది అబుదాబి సంస్థ ఎతిహాద్ మన జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటా కొంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. సీట్లు ఇచ్చినందుకే మునిగిందని నేననను, దాని అప్పుల కథ వేరు. కానీ సంస్థ పోయినా, ఇచ్చిన హక్కు అలాగే ఉంది. నా భయమల్లా అదే.

రన్‌వే:
మాస్టారూ, వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉన్నారండి. అమెరికాతో చేసుకున్న 1946 బెర్ముడా విమాన ఒప్పందం తమకు నష్టమని బ్రిటన్ 1976లో రద్దు నోటీసు ఇచ్చి, మరుసటి ఏడాది కొత్తది రాయించుకుంది. అయితే ఆ కొత్త ఒప్పందం చివరి రోజుల్లో లండన్ హీత్రో ఎయిర్‌పోర్టు నుంచి అమెరికాకు అటు రెండు, ఇటు రెండు సంస్థలే నడిచేవి. 2008 మార్చి 30న ఐరోపా–అమెరికా ఒప్పందం అమల్లోకి వచ్చాకే ఆ గేటు తెరుచుకుంది.

తెరుచుకున్నాక ఏమైంది? హక్కు దొరికింది కానీ విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయం, అదే స్లాట్, లేదు! అమెరికా సంస్థ కాంటినెంటల్ నాలుగు జతల స్లాట్లకు 20.9 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది. కోటా గురించి ఎంత మాట్లాడినా ఎయిర్‌పోర్టులో చోటు సంగతి ఎవరూ ఎత్తరేం?

నీలిమేఘం:
స్లాట్ల మాట నిజమే, నేను దాన్ని పట్టించుకోలేదు.

మాస్టారూ, ఆస్ట్రేలియా కథ అక్కడితో ఆగలేదు. తర్వాత ఖతార్ ఎయిర్‌వేస్ అక్కడి విమాన సంస్థ వర్జిన్ ఆస్ట్రేలియాలో 25 శాతం వాటా తీసుకుంది. 2025 జూన్ నుంచి వర్జిన్ పేరు మీద, ఆస్ట్రేలియా వైపు హక్కులతో, ఖతార్ విమానాలూ సిబ్బందే వారానికి 28 ఫ్లైట్లు నడిపేలా ఏర్పాటైంది. వీధి వాకిలి మూస్తే పెరటి దోవన వచ్చారు. మధ్యలో రెండేళ్లు ప్రయాణికులకు పోయాయి. సొంత సంస్థకు పెద్ద విమానాలు వచ్చేదాకా కోటా పెంచకుండా ఆగాలని ఎవరైనా అంటే, ఆ ఆగడానికి తేదీ ఉండాలి కదా?

లెక్కలమాస్టారు:
తేదీ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఊరికే ఇవ్వొద్దండి. కోటా ఏటా ఇంత శాతం పెంచుతామని ముందే ప్రకటించండి. ప్రతి మెట్టుకూ బదులుగా వాళ్ల హబ్‌లో మన సంస్థకు పనికొచ్చే వేళల్లో స్లాట్లు, అక్కడ ప్రయాణికులను ఎక్కించుకుని మూడో దేశానికి ముందుకు వెళ్లే ఐదో స్వేచ్ఛ హక్కులు అడగండి. రన్‌వే గారు చెప్పింది ఇక్కడే పనికొస్తుంది. అర్ధరాత్రి రెండింటికి స్లాట్ ఇచ్చి సమానమన్నామంటే మాత్రం నేను ఒప్పుకోను.

రన్‌వే:
ఆ వేళలు ఒప్పందంలోనే రాయించాలి. మాట మీద వదిలేస్తే తర్వాత ఎవరికీ గుర్తుండదు.