డంపింగ్ యార్డు వివరాలకు నేరుగా ఆర్టీఐ వెయ్యడం తొందరపాటా?

చెరువుగట్టు:
మా మున్సిపాలిటీ డంపింగ్ యార్డు చెరువుకు ఎగువన ఉంది. వానలు పడితే చెత్త గుట్టల కింద నుంచి నల్లటి నీళ్లు కారి చెరువులోకే దిగుతున్నాయి. చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్ష చేయించారా, రోజుకు ఎన్ని టన్నుల చెత్త వస్తోంది, తరలించే ఏజెన్సీకి ఎంత కడుతున్నారు? ఈ మూడింటి కోసం ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద అర్జీ) వేద్దామంటే కాలనీలో సగం మంది వద్దంటున్నారు. ముందు కమిషనర్ గారిని కలుద్దాం, కాగితం పెడితే మనసులో పెట్టుకుంటారు, మన డ్రైనేజీ పని ఆగిపోతుంది అని వాళ్ల భయం. నేనైతే నేరుగా కాగితమే పెట్టాలంటాను. మీరేమంటారు?

సెక్షన్ గుమస్తా:
నేను వేరే మున్సిపాలిటీలో పనిచేస్తున్నాను. కలవడమే మంచిదండీ. ఆర్టీఐ చూడడానికి మాకు వేరే స్టాఫ్ ఉండరు. పన్నుల వసూళ్లు, సర్వేలు చేసేవాళ్లమే ఇవీ చూడాలి. "గత పదేళ్ల సమస్త ఫైళ్లు, జీఓలు, బిల్లులు" అని అర్జీ వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? అర్జీ వేసి, కాంట్రాక్టరు దగ్గర డబ్బు గుంజి, ఆ తర్వాత "సమాచారం అక్కర్లేదు" అని రాసిచ్చినవాళ్లను కళ్లారా చూశాను. ఎందుకు అడుగుతున్నారో ముందు చెబితే మాకూ నమ్మకం కుదురుతుంది.

నల్లకోటు:
గుమస్తా గారూ, బ్లాక్‌మెయిల్ సంగతి నిజమే, కాదనను. కానీ దానికి మందు కారణం అడగడం కాదు. కారణం చెప్పనక్కర్లేదని చట్టం సెక్షన్ 6(2)లోనే ఉంది. పైగా బెదిరించేవాడి బలమంతా ఆ కాగితం ఇంకెవరికీ దొరకకపోవడంలోనే ఉంది. టన్నుల లెక్క, చెల్లింపులు, నీటి పరీక్షలు వెబ్‌సైటులోనో నోటీసు బోర్డు మీదో ఉంటే ఎవరు ఎవరిని బెదిరిస్తారు? ప్రజలు అర్జీ పెట్టే అవసరమే రాకుండా ఎంత వీలైతే అంత ముందే బయటపెట్టాలని సెక్షన్ 4(2) చెబుతోంది. చట్టం వచ్చింది 2005లో. ఇన్నేళ్లయినా ఆ పని చేయని ఆఫీసు, అడిగినవాడి మీద విసుక్కోవడం న్యాయం కాదు.

"కలుద్దాం" అనేవాళ్లకు ఒక మాట. కలవండి, తప్పులేదు. కానీ నోటిమాటకు తేదీ ఉండదు, గడువు ఉండదు. ఇన్‌వార్డు ముద్ర పడిన కాగితానికి 30 రోజుల గడువు ఉంటుంది. దాటితే సెక్షన్ 7(6) ప్రకారం సమాచారం ఉచితంగా ఇవ్వాలి. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. ఏజెన్సీకి కట్టింది ప్రజల డబ్బు. వ్యాపార రహస్యం అంటూ 8(1)(డి) చూపించి బిల్లులు దాచడం కుదరదు, అప్పీలులో గట్టిగా వాదించవచ్చు.

గండిపడ్డ కట్ట:
చట్టం పుస్తకంలో బాగానే ఉంటుంది లాయరు గారూ. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా సమాచార కమిషనర్లే లేరు. కమిషన్‌కు రెండో అప్పీలు వేసినవాళ్లు ఎవరి ముందు నిలబడాలి? జరిమానా ఎవరు వేస్తారు? ఇంకోటి, మా దగ్గర ఒకాయన అర్జీ ఇచ్చిన రెండు రోజులకే ఏజెన్సీ మనిషి ఇంటికొచ్చి "ఎందుకన్నా మనకీ గొడవ" అని కూర్చున్నాడు. పేరు ఆఫీసులోంచే బయటికి వెళ్లింది. ఆయన భార్య ఆ తర్వాత ఆయన్ని ఇంకో కాగితం రాయనివ్వలేదు.

నల్లకోటు:
అది చాలా తప్పు. చట్టం అడిగేది ఉత్తరం చేరడానికి కావలసిన వివరాలే. పోస్టుబాక్సు నంబరు ఇచ్చినా చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. చిన్న ఊళ్లలో అది కుదరకపోతే ఒకే అర్జీని పదిమంది విడివిడిగా తమ పేర్లతో వెయ్యండి. అప్పుడు ఏజెన్సీ మనిషి ఎన్ని ఇళ్లకని తిరుగుతాడు?

సెక్షన్ గుమస్తా:
పది అర్జీలంటే మాకు పది జవాబులు, పది రిజిస్టర్ ఎంట్రీలు. అయినా పేరు బయటపెట్టడాన్ని నేను సమర్థించను. మా ఆఫీసులో అలా జరిగితే నేనే అడ్డుపడతాను.

లెస్టర్ నుంచి:
నేను ఇంగ్లండులో ఉంటాను. ఇక్కడ పర్యావరణ సమాచారానికి 2004 నాటి నిబంధనలు విడిగా ఉన్నాయి. కౌన్సిల్‌ను నోటితో అడిగినా అది అర్జీ కిందే లెక్క. 20 పనిదినాల్లో ఇవ్వాలి. మరీ పెద్దదీ చిక్కుదీ అయితే 40 దాకా పొడిగించుకోవచ్చు. గాలిలోకీ నీళ్లలోకీ వదిలే కాలుష్యం వివరాలైతే వ్యాపార రహస్యం అనే సాకు చెల్లదు. ఇక్కడా జాప్యాలు ఉన్నాయి, కానీ అడిగినవాడిని అనుమానంగా చూడడం తక్కువ. మనకూ చెత్త, నీళ్లు, గాలి వరకైనా ఇలాంటి విడి నిబంధన కావాలి.

వేబ్రిడ్జి:
నేను చూసింది చెబుతాను. కాపీలు అడగకుండా రికార్డుల తనిఖీ అడిగాను. మొదటి గంట ఫ్రీ, ఆ తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. చెత్త బండ్లను తూచే వేబ్రిడ్జి లాగ్‌బుక్ ముందు పెట్టారు. బండి నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, టైము. నెలంతా ఒకే చేతిరాత, ఒకే పెన్ను. ఒక ట్రాక్టరు ఖాళీ బరువు వానాకాలంలో బురదతో వచ్చిన రోజూ అదే, ఎండాకాలంలోనూ కిలో తేడా లేకుండా అదే. ఆదివారాలు కూడా ట్రిప్పులు తగ్గలేదు. ఆ పేజీలకు మాత్రం సర్టిఫైడ్ కాపీలు అడిగాను, పేజీకి 2 రూపాయలు. కమిషనర్‌ను కలిసి మాట్లాడి ఉంటే "అంతా సక్రమంగా ఉంది" అనే మాట విని వచ్చేవాణ్ని.

సెక్షన్ గుమస్తా:
ఇలా అడిగితే మాకూ సుఖమే. ఫలానా రిజిస్టరు, ఫలానా నెలలు అంటే బీరువా తీసి ఇచ్చేస్తాం. "ఎందుకు పరీక్ష చేయించలేదు" అని ప్రశ్న రాస్తే మాత్రం "రికార్డు లేదు" అని రాసి పంపిస్తారు, అదీ చట్టప్రకారమే. ముందు కలవమన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను, కాకపోతే కాగితం చేతిలో పట్టుకుని కలవండి.

చెరువుగట్టు:
అందరికీ థాంక్సండీ. నేను, ఇంకో ఐదుగురు విడివిడిగా వేస్తున్నాం. అర్జీ ఇలా రాశాను, సరిచూడండి:

"గత రెండేళ్లలో డంపింగ్ యార్డు చుట్టూ తీసిన బోరు, చెరువు నీటి నమూనాల ల్యాబ్ రిపోర్టుల కాపీలు. ఒక్కటీ లేకపోతే లేవని రాతపూర్వకంగా తెలపగలరు. గత ఆరు నెలల వేబ్రిడ్జి లాగ్‌బుక్, ఏజెన్సీ బిల్లుల ఫైలు తనిఖీకి తేదీ. కాలుష్య నియంత్రణ మండలికి పంపిన గత వార్షిక నివేదిక కాపీ."

పది రూపాయల ఫీజు కౌంటర్లో కట్టి రసీదు తీసుకుంటాం.

నల్లకోటు:
బాగుంది. రిపోర్టులు మున్సిపల్ ఆఫీసులో లేకపోతే, సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చెయ్యమని కూడా ఒక వాక్యం కలపండి. లేకపోతే "మా దగ్గర లేదు, మండలిని అడగండి" అని తిప్పి పంపిస్తారు.