రాత్రి తొమ్మిదిన్నరకి బఫరింగ్: 420 కనెక్షన్లకి ఎంత లింకు తీసుకోవాలి?

కావలి నుంచి ప్రశ్న:
అన్నలూ, కావలిలో 420 ఫైబర్ కనెక్షన్లు నడుపుతున్నా. పైనుంచి తీసుకున్న లింకు 1 జీబీపీఎస్, అంటే 1,000 ఎంబీపీఎస్. రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఫోన్లే ఫోన్లు. "అన్నా, చుట్టూ తిరుగుతానే ఉంది" అంటారు. లింకు ఇచ్చినవాళ్లని అడిగితే నెల గ్రాఫ్ పంపి "మీరు 800 ఎంబీపీఎస్ కూడా దాటలేదు, ప్రాబ్లం మీ దగ్గరే" అన్నారు. పోనీ ప్లాన్లు కూడి చూద్దామంటే, తలా 50 ఎంబీపీఎస్ లెక్కన 21 జీబీపీఎస్ అవుతుంది. అంత కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. అసలు ఈ లెక్క ఎట్లా వేస్తారు?

ఒంగోలు నుంచి:
ముందు ఆ నెల గ్రాఫ్ మూసేయండి. ఎంఆర్‌టీజీ (లింకు వాడకం గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్) నెల గ్రాఫ్‌లో ఒక్కో చుక్క రెండు గంటల సగటు. గంటసేపు నిండిన లింకు కూడా అందులో మామూలుగానే కనబడుతుంది. రోజు గ్రాఫ్ తెరవండి, అందులో ఐదేసి నిమిషాల లెక్క ఉంటుంది. తొమ్మిదిన్నర తర్వాత ఎట్లా ఉందో చెప్పండి.

కావలి:
980 దగ్గర స్కేలు పెట్టి గీత గీసినట్టుంది అన్నా. గంట తర్వాత దిగుతోంది.

ఒంగోలు:
అయితే దొరికింది. ఆ 980 మీవాళ్లు అడిగింది కాదు, లింకు ఇవ్వగలిగింది. నిండిన శేరును చూసి ఎన్ని బియ్యం పోశారో చెప్పలేం కదా, పక్కన ఒలికినవి లెక్కలోకి రావు. లింకు నిండగానే వీడియో తనంతట తానే క్వాలిటీ తగ్గించుకుంటుంది, విసుగొచ్చినవాళ్లు ఆపేసి పడుకుంటారు. ఈ నెల డేటా మీద ఏ ఫార్ములా వేసినా తప్పే వస్తుంది. లింకు నిండని రోజుల డేటా ఉందా?

కావలి:
300 కనెక్షన్లున్నప్పటిది రెండు నెలలది ఉంది. కరెంటు పోయిన రోజులు తీసేసి ఒక్కోరోజు గరిష్ఠం ఎక్సెల్‌లో వేశా. సగటు 690, స్టాండర్డ్ డీవియేషన్ (సగటుకి అటూఇటూ ఎంత ఊగుతుందో) 55.

ఒంగోలు:
చాలు. రోజు మొత్తం సగటుతో మనకు పనిలేదు, రోజుకొక గరిష్ఠమే కావాలి. గరిష్ఠాలకి గణితంలో గంబెల్ అని ఒక పంపిణీ (డిస్ట్రిబ్యూషన్) ఉంది. నదికి ఎంత వరద రావచ్చో అంచనా కట్టడానికీ దాన్నే వాడతారు. లెక్క చిన్నదే.

55ని 0.78తో గుణిస్తే 43. ఇది వెడల్పు. 690 నుంచి 55లో 0.45 వంతు, అంటే 25 తీసేస్తే 665. ఇది మొదలు. వంద రోజుల్లో ఒక్కరోజు మాత్రమే దాటే గరిష్ఠం కావాలంటే 43ని 4.6తో గుణించి 665కి కలపండి. 863 వస్తుంది. అది 300 మందికి. 420కి 1.4 రెట్లు, అంటే సుమారు 1,208 ఎంబీపీఎస్. మీ దగ్గర ఉన్నది 1,000. ఇక బఫరింగ్ కాక ఏమవుతుంది!

1,208 వస్తే 1,208 కొనకండి. లింకు 80 శాతం దాటితే డేటా ప్యాకెట్లు క్యూలో నిలబడటం గబగబా పెరుగుతుంది. 1,208ని 0.8తో భాగిస్తే 1,510. 1.5 జీబీపీఎస్ అడగండి.

నెల్లూరు నుంచి:
లెక్క బాగుంది కానీ నాకొక అనుమానం. ఎవరిపాటికి వాళ్లు చూస్తుంటే, మంది పెరిగేకొద్దీ ఒకరి ఎక్కువా ఒకరి తక్కువా సర్దుకుంటాయి. డీవియేషన్ కూడా 1.4 రెట్లు పెరగదు, దాని వర్గమూలం లెక్కన 1.18 రెట్లే. అట్లా చూస్తే మీరు ఎక్కువ చెప్పారు.

ఒంగోలు:
ఎవరిపాటికి వాళ్లు చూస్తే మీరన్నది కరెక్టే. చివరి ఓవర్ అప్పుడు 420 ఇళ్లలోనూ ఒకటే మ్యాచ్ కదా సార్. అందరూ ఒక్కసారే ఎక్కుతారు, ఒక్కసారే దిగుతారు. అందుకే నేరుగా గుణించా. కావలి అన్నా, ఆ రెండు నెలలు ఏవి?

కావలి:
ఆగస్టు, సెప్టెంబరు.

ఒంగోలు:
అదే టెన్షన్. అందులో ఐపీఎల్ లేదు, సంక్రాంతి లేదు. బెంగళూరు, హైదరాబాద్ పిల్లలు పండక్కి దిగి లాప్‌టాప్‌లు తెరిచిన వారం వేరే. డేటాలో లేనిదాన్ని గంబెల్ కూడా చెప్పలేదు. 1.5తో ఒప్పందం చేసుకోండి, కానీ జనవరిలోనూ ఏప్రిల్లోనూ పెంచుకునే వీలు రాయించుకోండి.

ఇంకోటి. వాళ్లు 95 పర్సంటైల్ చూపించి "ఇంత చాలు" అంటారు. అది బిల్లుకోసం పెట్టిన లెక్క. 30 రోజుల్లో ఐదేసి నిమిషాల రీడింగులు 8,640 ఉంటే పైనున్న 5 శాతం, అంటే 432 వదిలేస్తారు. అంటే 36 గంటలు, రోజుకి గంటా పన్నెండు నిమిషాలు. మీకు ఫోన్లు మోగేది సరిగ్గా ఆ గంటే.

సింగరాయకొండ నుంచి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా గ్రాఫ్ ఎప్పుడూ 114 ఎంబీపీఎస్ దాటదు. రాత్రి పెరిగి పెరిగి ఒక్కసారి 20కి పడిపోతుంది. కస్టమర్లు మాత్రం బాగానే ఉందంటున్నారు.

ఒంగోలు:
మీ లింకు బాగానే ఉంది, మీటరే సున్నాకి తిరుగుతోంది. పాత 32 బిట్ కౌంటర్ 429 కోట్ల బైట్లు దాటగానే మళ్లీ మొదటికి వస్తుంది. 1 జీబీపీఎస్ లింకు నిండుగా నడిస్తే 34 సెకన్లు చాలు. ఐదు నిమిషాలకోసారి చదివితే అది 114 మించి చూపించలేదు. కౌంటర్ చదివే పద్ధతిని (ఎస్‌ఎన్‌ఎంపీ) వెర్షన్ 2సీకి మార్చి 64 బిట్ కౌంటర్ చదివించండి. ఇప్పటిదాకా ఉన్న డేటాతో మాత్రం లెక్కలు వేయకండి.

కావలి:
అన్నా, ఇందాక వాళ్లకి రోజు గ్రాఫ్ పంపా. ఈసారి వాదించలేదు. 1.5 ఇస్తామన్నారు, కానీ నా పోర్టు 1జీనే కదా?

ఒంగోలు:
ఎస్, పైపు అదే ఉంచి నీళ్లు ఎక్కువ కొంటే ఏం లాభం. స్విచ్‌లో 10జీ పోర్టు ఖాళీ ఉంటే ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ మాడ్యూల్ వేయండి, అవతలివాళ్ల దగ్గర కూడా అదే ఉందో లేదో ముందు అడగండి. ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్లన్నీ వచ్చి చేరే పెట్టె) నుంచి రౌటర్‌కి వచ్చే లింకు కూడా 1జీ అయితే దాన్నీ మార్చాలి.

కావలి:
చూశా. అది కూడా 1జీనే. రేపు స్విచ్ మూత తీసి ఫొటో పెడతా.