డబ్ల్యూసీడబ్ల్యూ అంత పెద్ద అమెరికా రెజ్లింగ్ కంపెనీ అసలెలా మూతపడింది?

గచ్చిబౌలి_గ్యాలరీ:
2023 సెప్టెంబర్‌లో మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంకి డబ్ల్యూడబ్ల్యూఈ వచ్చినప్పుడు మా బావతో వెళ్ళా, నేను జాన్ సీనా కోసం గొంతు పోయేలా అరుస్తుంటే ఆయనేమో డబ్ల్యూసీడబ్ల్యూ ముందు ఇదెంత రా అని ఇంటికొచ్చేదాకా బుర్ర తిన్నాడు. అంత గొప్పదైతే మరి ఎందుకు మూసేశారు అంటే అందులో పెద్ద స్టార్ రెజ్లర్ హల్క్ హోగన్ ముంచాడు అంటాడు, యూట్యూబ్‌లో చూస్తే షో కథలు రాసిన విన్స్ రూసో ముంచాడు అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కార్డుల_రాజా:
బావ చెప్పింది సగం కరెక్టే. 1988లో టెడ్ టర్నర్ కొన్నాడు దీన్ని. టీవీ చానళ్ళు ఆయనవే కాబట్టి ఎంత నష్టమొచ్చినా టీవీ టైమ్‌కి ఢోకా లేదు. దాన్ని నడపడానికి ఎరిక్ బిషాఫ్ వచ్చాక 1995 సెప్టెంబర్‌లో నైట్రో అనే షో మొదలుపెట్టి సోమవారం రాత్రి సరిగ్గా ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ ‘రా’ షోకి ఎదురుగా పెట్టాడు, మరుసటేడు జులైలో అప్పటిదాకా పిల్లల దేవుడిలా ఉన్న హోగన్ విలన్ అయిపోయి హాల్, నాష్ అనే రెజ్లర్లతో కలిసి ఎన్‌డబ్ల్యూఓ అనే విలన్ల గ్యాంగ్ పెట్టాడు, ఆ ఏడు జూన్ నుంచే మొదలై వరసగా 83 వారాలు రేటింగుల్లో రా ని కొట్టేశారు. 83 అన్నా! అవతలి కంపెనీ ఓనర్ విన్స్ మెక్‌మాన్‌కి నిద్ర ఉండుంటుందా?

ఆ తర్వాతే తిక్క మొదలైంది. హోగన్ కాంట్రాక్టులో క్రియేటివ్ కంట్రోల్ ఉంది, అంటే ఆయనకి నచ్చకపోతే ఓడిపోడు. గోల్డ్‌బర్గ్ అనే కొత్త స్టార్ 1998 జులైలో జార్జియా డోమ్ స్టేడియంలో హోగన్‌ని ఓడిస్తే స్టేడియం ఊగిపోయింది, సరే, ఆ బంగారుబాతుని డిసెంబర్‌లో కరెంట్ షాక్ కొట్టించి నాష్‌తో ఓడించారు. వారం తిరిగేసరికి, 1999 జనవరి 4న, అదే డోమ్‌లో హోగన్ వేలితో ఇలా పొడిస్తే నాష్ దబ్బున పడిపోయి ఛాంపియన్ బెల్ట్ ఇచ్చేశాడు. టికెట్ కొన్నవాడి మొహం ఊహించుకో. కుర్రాళ్ళకి పైకొచ్చే దారే లేకపోయె, జెరికో 1999లో వెళ్ళిపోయాడు, 2000 జనవరిలో ఎడ్డీ గెరెరో, బెన్వా, మాలెంకో, సాటర్న్ నలుగురూ ఒకేసారి అవతలికి దూకేశారు. రూసో వచ్చి సినిమా యాక్టర్ డేవిడ్ ఆర్కెట్‌కి బెల్ట్ కట్టాడు, ఇంకేం చెప్పను.

మలక్‌పేట్_మామ:
రాజా భాయ్, కథ మంచిగనే చెప్పినవ్ గానీ అసలు ముచ్చట వదిలేసినవ్. కథలు చెత్తగుంటె కంపెనీ మూతపడుతదా, అట్లయితే మన టీవీ సీరియళ్ళు ఎప్పుడో బంద్ కావాలె. టర్నర్ కంపెనీ 1996లనే టైమ్ వార్నర్‌ల కలిసిపోయింది, 2001ల ఏఓఎల్ కూడ కలిసి అది ఏఓఎల్ టైమ్ వార్నర్ అయింది, టర్నర్ చేతుల పవర్ లేకుండ పోయింది. బిషాఫే ఇంకొందరితో కలిసి డబ్ల్యూసీడబ్ల్యూని కొంటా అని జనవరిల వచ్చిండు, అంతల జేమీ కెల్నర్ అనేటాయన చానళ్ళకు పెద్ద అయి రెజ్లింగ్ మాకొద్దు అని టీవీ టైమే పీకేసిండు. టీవీ లేని రెజ్లింగ్ కంపెనీని ఎవ్వడు కొంటడు? బిషాఫోళ్ళు ఎనకకు పోయిన్రు, విన్స్ మెక్‌మాన్ వచ్చి పేరు, టేపులు, కొంతమంది కుర్రాళ్ళ కాంట్రాక్టులు చవగ్గ ఏరుకున్నడు. మార్చి 26న ఆఖరి నైట్రో, స్టింగ్, రిక్ ఫ్లెయిర్ కొట్లాట. నాకు ఇప్పటికీ మనసుల పట్టేస్తది.

రాత్రి_టీఎన్‌టీ:
మామ చెప్పిందే నిజం, కాకపోతే 2000లో అంతంత నష్టాలు రాకపోయుంటే కెల్నర్ అంత తేలిగ్గా పీకగలిగేవాడా? మనవాళ్ళకీ జరిగిందిగా, 2012లో కలర్స్‌లో రింగ్ కా కింగ్ అనే రెజ్లింగ్ షో వచ్చింది, హర్భజన్ సింగ్‌ని బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టి పుణెలో తీశారు, ఒక్క సీజన్, అంతే సంగతులు. మా ఇంట్లో కార్టూన్ నెట్‌వర్క్ అయిపోయాక అదే చానల్లో టీఎన్‌టీ వచ్చేది, దాంట్లో నైట్రో చూస్తుంటే నాన్న వచ్చి మెయిన్ స్విచ్ ఆపేసేవారు. మా ఇంటి కెల్నర్ ఆయన.

గచ్చిబౌలి_గ్యాలరీ:
హహ థాంక్స్ అన్నలూ. మామ రిప్లై స్క్రీన్‌షాట్ తీసి బావకి పంపా, నీలం టిక్కులు పడ్డాయి, గంటైంది, ఇంకా రిప్లై లేదు.